బి.ఎ. ఇతరములు

చంపావతి విశ్వవిద్యాలయంలో దొరకని చదువంటూ లేదని ఆ జిల్లాలో చెప్పుకునేవారు. రొయ్యల పెంపకం మీద బి.ఎస్సీ. ఉంది. రొయ్యల ఎగుమతి మీద బి.కాం. ఉంది. రొయ్యల చెరువులు వచ్చాక పల్లెల్లో మారిన మానవ సంబంధాల మీద బి.ఎ. ఉంది. గణితంతో సంగీతం, చరిత్రతో హోటల్ నిర్వహణ, సంస్కృతంతో డ్రోన్లు కలిపి చదువుకోవచ్చు. ఎన్ని రకాల కోర్సులుంటే విశ్వవిద్యాలయం అంత గొప్పదని పైనుంచి మార్కులు వెయ్యడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ, వేసవి వచ్చిందంటే అక్కడ మామిడికాయలతో పాటు కోర్సులు కూడా గంపలకొద్దీ దిగేవి.

ఇన్ని చదువుల మధ్య డాక్టర్ పొట్నూరు భానోజీకి మాత్రం పని లేకుండా పోయింది. ఆయన తత్వశాస్త్రంలో అతిథి అధ్యాపకుడు. అతిథి అంటే రెండు పూటలుండి వెళ్ళిపోయేవాడని మనం అనుకుంటాం గానీ, భానోజీ మాస్టారు అతిథిగా వచ్చి అక్కడే జుట్టు నెరిపించుకున్నాడు. ఆయన శాఖలో చేరేవాళ్ళు తగ్గిపోతే దాని పేరు ముందు 'తత్వశాస్త్రం, వ్యక్తిత్వ వికాసం' అని మార్చారు. తర్వాత 'వ్యక్తిత్వ వికాసం, ఇంటర్వ్యూ మెళకువలు' అన్నారు. అప్పటికీ ఎవరూ రాకపోతే శాఖ మూసేసి ఆ గదిలో జిరాక్స్ మిషను పెట్టారు. మాస్టారిని తీసెయ్యాల్సిన కాగితం ఏ సెక్షన్లోనో ఆగిపోవడంతో ఆయన రోజూ వచ్చి ఆ మిషను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. వచ్చినవాళ్ళు ఆయన్ని జిరాక్స్ తియ్యమనేవారు. తీసిచ్చేవాడు.

ఆ ఏడు జూలైలో లెంక హైమావతి అనే అమ్మాయి తండ్రిని వెంటబెట్టుకుని అడ్మిషన్ల కిటికీ దగ్గరికొచ్చి సీటు కేటాయింపు కాగితం చూపించింది. గుమస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అందులో 'బి.ఎ. (ఇతరములు)' అని ఉంది.

"ఈ కోర్సు మా దగ్గర లేదమ్మా," అన్నాడు.

"ఆహార సాంకేతికం కావాలనుకున్నానండీ. నెట్ సెంటరాయన, సీటు పోతాదేమో, ఉన్నవన్నీ పెట్టేద్దాం అని కిందదాకా నొక్కేశాడు. ఆఖరిది వచ్చింది," అంది హైమావతి.

"అది కోర్సు కాదమ్మా. జాబితా రాసినప్పుడు చివర 'ఇతరములు' అని పెట్టడం ఆనవాయితీ."

హైమావతి తండ్రి అప్పలస్వామి ఆర్టీసీలో కండక్టరు. అప్పటిదాకా ఓపిగ్గా విన్నాడు.

"టిక్కెట్టు కొట్టేసినాక బస్సు లేదంటే పాసింజరు ఊరుకుంటాడేటి బాబూ? మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మనిషి ఇదే. ఈ ఏడాది పోతే మళ్ళీ చదువంటాదా?"

గొంతులు పెరిగేసరికి విషయం రిజిస్ట్రారు గారి దాకా వెళ్ళింది. రిజిస్ట్రారు ఆచార్య తాటిచెర్ల ధర్మనందనరావు గారు మాట్లాడితే అచ్చేసినట్టుంటుంది. ఇంట్లో కాఫీ కావాలన్నా 'కాఫీ విషయమై తగు చర్య తీసుకోవలసినదిగా' అంటారని ప్రతీతి. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఆ కాగితాన్ని చాలాసేపు చదివారు.

"పోర్టల్ తప్పు చేసిందని మనం ఒప్పుకున్నచో, ఆ పోర్టల్ ద్వారా చేరిన వేలమంది విద్యార్థుల ప్రవేశం కూడా ప్రశ్నార్థకమగును. పైగా ఇతరములతో కలిపి మన కోర్సుల సంఖ్య రాష్ట్రంలోనే అత్యధికమని ఉపకులపతి గారు పత్రికలకు సెలవిచ్చియున్నారు. డిసెంబరులో తనిఖీ బృందము రానున్నది. కావున ఈ కోర్సు ఉన్నది. అది ఎక్కడున్నది, అందులో ఏమున్నది అనునవి కేవలం ఆచరణాత్మక వివరములు."

"మరి చెప్పేదెవరండీ?" అన్నాడు గుమస్తా.

"ఏ శాఖకూ చెందని అధ్యాపకుడు ఎవరైనా కలరా?"

అలా మర్నాటికి జిరాక్స్ మిషను వరండాలోకీ, భానోజీ మాస్టారు శాఖాధిపతి హోదాలోకీ మారారు. తలుపు మీద 'ఇతరముల శాఖ' అని బోర్డు పడింది. ఎదురుగా ఒకే ఒక్క విద్యార్థిని కొత్త పుస్తకం తెరిచి, తేదీ వేసి, మార్జిను గీసుకుని కూర్చుంది.

"ఏటి చెప్తారు మాస్టారూ?" అంది.

"అదే నేనూ ఆలోచిస్తున్నాను తల్లీ," అన్నాడు భానోజీ. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక విద్యార్థికి ఆయన ఇంత నిజాయితీగా జవాబు చెప్పడం అదే మొదటిసారి.

కోర్సు ఉందన్నాక పాఠ్యప్రణాళిక ఉండాలి. ఒక శాఖలో చెప్పేది ఇంకో శాఖలో చెప్పకూడదని ఆ విశ్వవిద్యాలయంలో గట్టి నిబంధన. కాబట్టి ఏ శాఖకూ చెందనిదేదో తేల్చడానికి శాఖాధిపతులందర్నీ సమావేశానికి పిలిచారు. అధ్యక్షత వహించాల్సిన ఉపకులపతి గారు 'ఇప్పుడే వస్తున్నారు' అని కబురొచ్చింది. ఆయన వచ్చేలోగా మొదలుపెట్టేద్దామన్నారు రిజిస్ట్రారు.

భానోజీ రాత్రంతా కూర్చుని రాసుకొచ్చిన కాగితం విప్పాడు. "ఇంటిపనులు, చిన్న చిన్న మరమ్మతులు..."

"అది గృహవిజ్ఞానం," అందొక ఆచార్యురాలు.

"కుళాయి మరమ్మతైతే మాది. ద్రవ పీడనం," అన్నాడు భౌతికశాస్త్రం ఆయన.

"పోనీ, నడక?"

"వ్యాయామ విద్య!"

"నిద్ర?"

"మనస్తత్వశాస్త్రం. కలలు లేకుండా నిద్ర మాత్రమే అయితే జంతుశాస్త్రానికి ఇచ్చెయ్యడానికి మాకు అభ్యంతరం లేదు."

"ఊరికే కూర్చోవడం?"

"నిరుద్యోగం మా మూడో సెమిస్టరు," అన్నాడు అర్థశాస్త్రం ఆయన, జేబు మీద ఎవరో చెయ్యేసినట్టు ఉలిక్కిపడి.

"మౌనం?" అన్నాడు భానోజీ నీరసంగా.

సంగీత శాఖాధిపతి నవ్వింది. "విరామం లేనిదే తాళమెక్కడిదండీ?"

ముందురోజు దాకా తమ పాఠాలే పూర్తిగా చెప్పనివాళ్ళు ఆ పూట సమస్త మానవ వ్యాపారాన్నీ పంచేసుకున్నారు. తుమ్ము గురించి రెండు శాఖలు కొట్టుకునే దాకా వచ్చింది. టీలు చల్లారిపోయాయి. బిస్కెట్లు అయిపోయాయి. ఉపకులపతి గారు ఇంకా ఇప్పుడే వస్తున్నారు. మధ్యాహ్నం దాటేసరికి ఎవరికీ మాట్లాడే ఓపిక లేక అందరూ తలుపు వైపే చూస్తున్నారు.

భానోజీ తన కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

"ఒక్క సందేహం. పొద్దుట్నుంచీ మనమందరం చేస్తున్న పని ఏ శాఖ కిందికి వస్తుందండీ?"

"ఏ పని?"

"ఎదురుచూడటం."

శాఖాధిపతులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గడియారాలు భౌతికశాస్త్రానివి, కుర్చీలు ఎస్టేట్ విభాగానివి. ఎదురుచూపు మాత్రం ఎవరిదీ కాదు. సాహిత్యం ఆయన విరహం తమదేనన్నాడు గానీ, ఇక్కడ అంత ప్రేమగా ఎవరూ ఎదురుచూడటం లేదని రిజిస్ట్రారు గారు ఆ వాదన కొట్టేశారు. 'నిరీక్షణా శాస్త్రం' ప్రధానాంశంగా బి.ఎ. (ఇతరములు) ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఉపకులపతి గారు సాయంత్రం ఫోన్లో అభినందనలు తెలిపారు.

శాస్త్రమన్నాక ప్రయోగశాల కావాలి. రిజిస్ట్రారు ఆఫీసు ముందు వరండాలో గోడవారగా చెక్కబల్లలున్నాయి. వాటి మీద ఎప్పుడు చూసినా పదిమందికి తక్కువ కాకుండా ఉంటారు. మైగ్రేషన్ సర్టిఫికెట్ల కోసం, పేరులో అచ్చుతప్పు దిద్దించుకోవడం కోసం, దిద్దిన దాంట్లో పడ్డ కొత్త అచ్చుతప్పు దిద్దించుకోవడం కోసం. ఆ వరండానే ప్రయోగశాలగా ప్రకటించి, గుర్తుగా ఒక మంటలార్పే ఎర్ర సిలిండరు కూడా తగిలించారు.

ఆ బల్లల్లో చివరిదాని మీద రోజూ కనబడే మనిషి సన్యాసిరావు. తీరం వెంబడి ఉప్పుమళ్ళ చరిత్ర మీద పరిశోధన చేసి గ్రంథం సమర్పించాడు. అది సమర్పించినప్పుడు పుట్టిన కూతురు ఇప్పుడు బడికెళ్తోంది. బయటి పరీక్షకుడు వచ్చి మౌఖిక పరీక్ష పెడితే డాక్టరేటు. పిలుస్తామన్నారు. ట్యూషన్లు చెప్పుకుని, పొద్దున్నే ఫ్లాస్కుతో టీ తెచ్చుకుని, పిలుస్తారేమోనని అక్కడే కూర్చునేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఏ బల్ల మీదకి ఎండ ఎప్పుడొస్తుందో చెప్పేవాడు. భానోజీ ఆయన్ని ప్రయోగశాల సహాయకుడిగా ఉండమని అడిగితే, "ఉంటానండి. కానీ నాకు పిలుపు రాగానే వెళ్ళిపోవాలి," అన్నాడు అదేదో ఆ మధ్యాహ్నమే వచ్చేటట్టు.

హైమావతి మొదటి ప్రాక్టికల్ ఆయనతోనే మొదలుపెట్టింది.

"ఎవరి కోసం ఎదురుచూస్తున్నారండీ?"

"పరీక్షల సెక్షను వాళ్ళు పిలుస్తారని."

"మరి ఆళ్ళు దేనికి ఎదురుచూస్తున్నారు?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న సన్యాసిరావుకి తట్టలేదు. ప్రయోగం సగంలో ఆపకూడదని మాస్టారు చెప్పాడు కాబట్టి హైమావతి లేచి లోపలికెళ్ళింది. సెక్షన్లో గుమస్తా, పరీక్షకుడి నుంచి తేదీ రావాలన్నాడు. నంబరు తీసుకుని అక్కడే నిలబడి ఫోన్ చేసింది. అవతల అనంతపురం వైపు ఆచార్యుడు ఓబులరెడ్డి గారు.

"ఏమ్మా, నేను ఆ పుస్తకం చదివి ఎన్నేండ్లయిపాయ! బాగా రాసినాడప్పా ఆ పిల్లోడు. మీ యూనివర్సిటీ వాళ్ళు తేదీ రాస్తారని నేను చూస్తాండా," అన్నాడాయన.

గోడకి అటు ఒకరు, ఇటు ఒకరు, అనంతపురంలో ఇంకొకరు, అందరూ మర్యాదగా ఎదుటివాళ్ళ కోసం ఆగి ఉన్నారు. ఆ సాయంత్రానికే డిసెంబరులో ఒక తేదీ ఖాయమైంది. సన్యాసిరావు ఫ్లాస్కులో టీ మొత్తం హైమావతికే పోసేశాడు.

తర్వాత ప్రాక్టికల్స్ జోరందుకున్నాయి. హైమావతి ఒక్కో మనిషి పక్కనా కూర్చుని అదే రెండు ప్రశ్నలు అడిగేది. రెండో ప్రశ్నకి జవాబు కోసం లోపలికెళ్ళేది. ఒకచోట సంతకం పెట్టాల్సినాయన ముద్ర కోసం, ముద్ర వెయ్యాల్సినాయన సంతకం కోసం చూస్తూ పక్కపక్క బల్లల దగ్గరే కూర్చుని ఉన్నారు. ఆమె ఇద్దర్నీ ఒకరికొకరికి పరిచయం చేసింది. దసరా సెలవులకి ముందే బల్లలు పలచబడ్డాయి. నవంబరు వచ్చేసరికి వరండాలో కుక్క ఒకటి నిశ్చింతగా కాళ్ళు చాపుకుని పడుకుంటోంది.

భానోజీకి గర్వంగా ఉంది. ఆ గర్వంలో ఉండగానే రిజిస్ట్రారు గారు పిలిపించారు.

"ఏమండీ భానోజీ గారూ! ప్రయోగశాలలో నిరీక్షకులు ఏరీ?"

"వాళ్ళ పనులైపోయాయండి. వెళ్ళిపోయారు."

"పనులు అవ్వడమేమిటి!" ధర్మనందనరావు గారు మొదటిసారి వాడుక భాషలో మాట్లాడారు. వెంటనే సర్దుకున్నారు. "రసాయనశాలలో ఆమ్లములు నిండుకున్నచో కోర్సు ఎట్లు నడుచును? తనిఖీ బృందము వచ్చి ఖాళీ బల్లలు చూచినచో కోర్సు రద్దు. కోర్సు రద్దైనచో ఆ అమ్మాయి సంవత్సరము వృథా. తమరి సంగతి వేరే చెప్పనక్కరలేదు."

ఆ మర్నాడే ఉత్తర్వు వెలువడింది. ప్రయోగశాల ప్రమాణములను పరిరక్షించుటకై, ఏ దరఖాస్తునూ సమర్పించిన దినముననే పరిష్కరించరాదనీ, పరిష్కరించిన సిబ్బందిపై చర్య గైకొనబడుననీ దాని సారాంశం. సమాజసేవ పథకం పిల్లల్ని యాభైమందిని బల్లల మీద కూర్చోబెట్టి ఎదురుచూసే అభ్యాసం చేయించారు. కానీ వాళ్ళు నవ్వుకుంటూ ఫోన్లు చూసుకుంటున్నారే తప్ప మొహాల్లో ఆ దిగులు రావడం లేదు. అప్పుడు రిజిస్ట్రారు గారికి సన్యాసిరావు గుర్తొచ్చాడు.

"సహజమైన నిరీక్షకుడు ఆయనొక్కడే మిగిలియున్నాడు. తనిఖీ రోజుననే ఆయన మౌఖిక పరీక్ష కూడా పడినది. విద్యా ప్రయోజనముల దృష్ట్యా దానిని ఒక ఆరు మాసములు వాయిదా వేయుచూ పరీక్షకునికి తమరే లేఖ పంపవలెను."

భానోజీ ఆఫీసు నుంచి బయటికొచ్చాడు. సన్యాసిరావు కొత్త చొక్కా గుడ్డ పొట్లంతో ఎదురొచ్చాడు.

"వైవాకి కుట్టించుకుందామని కొన్నానండి. నీలం బాగుంటుందా మాస్టారూ?"

"బాగుంటుంది," అన్నాడు భానోజీ. పొట్లం వైపు చూడకుండా గదివైపు నడిచాడు.

గదికొచ్చేసరికి హైమావతి ఆయన మొహం చూసి కనిపెట్టేసింది. ఆయన జరిగింది చెప్పాడు. ఉత్తరం రాయకపోతే పోయేది ఆమె చదువు, తన ఉద్యోగం. రాస్తే సన్యాసిరావు.

"నా ఏడాది పోతే పోనివ్వండి మాస్టారూ. ఆయన కూతురికి కూడా చెప్పుకున్నాడు, మీ నాన్న డాక్టరైపోతన్నాడని," అంది హైమావతి. అందే గానీ, కళ్ళు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తున్నాయి.

భానోజీ ఆ సాయంత్రం ఉత్తరం రాశాడు. చక్కటి దస్తూరీలో, ఒక్క తప్పు లేకుండా రాశాడు. నేరుగా తపాలాలో వేస్తే మూడోనాటికి అనంతపురంలో ఉంటుంది. ఆయన అలా వెయ్యలేదు. నిబంధనల పుస్తకం తీసి చూసి, ఉత్తరం నెత్తిన 'తగు మార్గము ద్వారా' అని రాసి, డీన్ గారి కార్యాలయానికి పంపాడు. అక్కణ్ణుంచి అది పరీక్షల సెక్షనుకీ, అక్కణ్ణుంచి న్యాయ సలహాకీ, అక్కణ్ణుంచి తపాలా విభాగానికీ వెళ్ళాలి. దారిలో ప్రతిచోటా రిజిస్ట్రారు గారి కొత్త ఉత్తర్వు గోడకి అంటించి ఉంది.

తనిఖీ రోజు రానే వచ్చింది. ముఖద్వారం దగ్గర తోరణాలు, బ్యాండుమేళం, శాలువాలు. ఉపకులపతి గారు, రిజిస్ట్రారు గారు, శాఖాధిపతులు ఎండలో వరసగా నిలబడ్డారు. పదకొండు దాటాక ఆర్టీసీ బస్సు ఆగి, నల్లకోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన తోలుసంచి పట్టుకుని దిగాడు. తనిఖీ బృందం అధ్యక్షులు నిరాడంబరులని ముందే విన్నారు కాబట్టి, అడిగే పని లేకుండా బ్యాండు మోగింది. దండలు పడ్డాయి. పెద్దమనిషి బిత్తరపోయాడు.

"ఏమప్పా ఇదంతా? నేనొచ్చింది సన్యాసిరావు వైవాకి!"

రిజిస్ట్రారు గారు ఉపకులపతి గారి చెవిలో అన్నారు. "ఆకస్మిక పరిశీలన. మన పరీక్షా విధానమును స్వయముగా చూడదలచినారు."

పావుగంటలో సభామందిరం నిండిపోయింది. సన్యాసిరావు నీలం చొక్కాలో వేదికెక్కాడు. ఓబులరెడ్డి గారు ఉప్పుమళ్ళ గురించి ఒక ప్రశ్న వేశారు. అంతే, ఇన్నేళ్ళు బల్ల మీద కూర్చుని మనసులో చెప్పుకున్న జవాబులన్నీ సన్యాసిరావు నోట వరదలా వచ్చాయి. ఉప్పు పండించే మనిషి అరికాలు ఎందుకు పగులుతుందో చెప్తుంటే సంగీత శాఖాధిపతి కళ్ళు తుడుచుకుంది. డాక్టరేటుకి సిఫారసు చేస్తున్నానని ఓబులరెడ్డి గారు ప్రకటించగానే ఉపకులపతి గారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. భానోజీ వెనక వరసలో నిలబడి తనూ కొట్టాడు.

అసలు తనిఖీ బృందం రైలు ఆలస్యమై, ఆటోల్లో వెనక గేటు నుంచి వచ్చింది. సిబ్బందంతా సభలో ఉన్నారు. వరండాలో మిగిలిన అటెండరు వాళ్ళని ఎగాదిగా చూసి, "పెద్దలంతా మీటింగులో ఉన్నారు. కూర్చోండి, పిలుస్తారు," అన్నాడు. ఐదుగురు ఆచార్యులు సంచులు ఒళ్ళో పెట్టుకుని ప్రయోగశాలలో కూర్చున్నారు. ఎండ బల్ల మీదకి వచ్చింది. జరిగారు. కాసేపటికి హైమావతి వచ్చి పక్కన కూర్చుంది.

"ఎవరి కోసం ఎదురుచూస్తున్నారండీ?"

"రిజిస్ట్రారు గారి కోసం."

"మరి పొద్దుట్నుంచీ ఎండలో ఆయన ఎవరి కోసం చూశారో తెల్సా అండీ?"

బృందం అధ్యక్షులకి సంగతి అర్థమవడానికి నిమిషం పట్టింది. అర్థమయ్యాక ఆయన చాలాసేపు నవ్వాడు. ఆ అమ్మాయి ఏం చదువుతోందో అడిగాడు. ఆమె అంతా చెప్పింది. సీటు వచ్చిన తీరు, తుమ్ము గురించి తగాదా, ఖాళీ అయిన బల్లలు, ఏదీ దాచలేదు.

నివేదిక సంక్రాంతి వెళ్ళాక వచ్చింది. 'అనుభవాత్మక విద్య విషయంలో ఇంతటి సంపూర్ణమైన ప్రయోగశాలను మేమెన్నడూ చూడలేదు. అందులో ప్రవేశించిన ప్రతివారికీ పాఠం స్వయంగా ఒంటబట్టుతున్నది' అని రాసి అత్యున్నత శ్రేణి ఇచ్చారు. కింద చిన్న అక్షరాల్లో 'ఇట్టి ప్రయోగశాల లేకుండుట మరింత శ్రేయస్కరం' అని కూడా ఉంది. ఆ వాక్యం మీద అభిప్రాయం కోరుతూ రిజిస్ట్రారు గారు దాన్ని న్యాయ సలహాకి పంపారు. వచ్చే ఏడాదికి ఇతరముల్లో అరవై సీట్లు మంజూరయ్యాయి. భానోజీ మాస్టారిని అతిథి హోదా నుంచి గౌరవ అతిథి హోదాకి పెంచారు.

ఇక మిగిలింది సన్యాసిరావు తాత్కాలిక పట్టా. దాన్ని తీసుకోవడానికి ఒంటరిగా వెళ్ళడానికి ఆయనకి ధైర్యం చాలలేదు. హైమావతిని తోడు రమ్మన్నాడు. ఇద్దరూ పరీక్షల సెక్షనుకి వెళ్ళారు. గుమస్తా తలెత్తి ఆమెని చూసి గబుక్కున లేచి కుర్చీ లాగాడు.

"కూర్చోమ్మా, కూర్చో. ఇప్పుడే చూస్తాను."

సన్యాసిరావు అలవాటు కొద్దీ కూర్చోబోయాడు. హైమావతి ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"కూకోమండీ," అంది గుమస్తాతో, నవ్వుతూనే. "ఇలాగే నిలబడుంటాం. మీరు సంతకం పెట్టేయండి."